రోజు గడవదు, ఏడాది ఆగదు

హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసి ఎన్నేళ్లయిందో క్యాలెండర్ చూడకుండా చెప్పమని ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. ఐదారేళ్లు అనేవాళ్లే ఎక్కువగా తగులుతారు. మహా అయితే ఎనిమిదంటారు. అది వచ్చింది 2014 అక్టోబరు 12న. అదే మనిషిని రీల్స్ ఎప్పటి నుంచి చూస్తున్నావని అడిగితే, అవి ఫోనుతోపాటే పుట్టినట్టు మాట్లాడతారు. టిక్‌టాక్‌ను కేంద్రం 2020 జూన్ 29న నిషేధించిన కొద్ది రోజులకు, ఆ జులైలో, ఇన్‌స్టాగ్రామ్ వాటిని మన దేశంలో మొదలుపెట్టింది. పాత సంగతి నిన్న మొన్నటిలా, నిన్న మొన్నటిదేమో ఎప్పటి నుంచో ఉన్నట్టు తోస్తోంది.

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. మధ్యాహ్నం మూడు నుంచి ఆరెప్పుడవుతుందా అని గడియారం చూస్తూ కూర్చునే ఉద్యోగే, సంక్రాంతికి ఊళ్లో బస్సు దిగి "మొన్ననే కదరా వచ్చి వెళ్లాం, అప్పుడే ఏడాదైపోయిందా" అంటాడు. గంటలు కదలవు, ఏళ్లు నిలవవు. దీనికి అందరి నోట్లోనూ సిద్ధంగా ఉండే జవాబు, బతుకులు బిజీ అయిపోయాయని. ఆ జవాబు సగమే నిజమని నా లెక్క. పిల్ల పెళ్లి పెట్టుకున్న ఇంటివాళ్లకంటే బిజీగా ఎవరుంటారు? వాళ్లకు ఆ వారం రోజులు క్షణాల్లో గడిచిపోతాయి, నిజమే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత అడిగినా ఆ వారం గురించి గంటల తరబడి చెబుతారు. బిజీ వల్లే కాలం మాయమైపోతే ఆ వారం ముందు మాయం కావాలి.

అసలు కాలాన్ని మనం ఎలా పసిగడుతున్నామో చూస్తే ఈ చిక్కు కొంత విడుతుంది. వెలుగుకు కన్నుంది, చప్పుడుకు చెవి ఉంది, కాలానికి అలాంటి అవయవం లేదు. ఒంట్లో గడియారమే లేదని కాదు. మెదడు అడుగు భాగంలో, రెండు కంటి నరాలూ కలుసుకునే చోటికి కాస్త పైన, బియ్యపు గింజంత కణాల గుంపు ఒకటి నిద్రనూ మెలకువనూ ఒంటి వేడినీ ఇంచుమించు 24 గంటల లయలో నడుపుతుంది. కణంలో ఆ లయ ఎలా పుడుతుందో తేల్చినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. అయితే అది పొద్దూ రాత్రీ చూసుకునే గడియారం. ఈ మీటింగ్ మొదలై ఎంతసేపైంది, పోయిన నెల ఎంత తొందరగా గడిచింది అన్న ప్రశ్నలకు దాని దగ్గర జవాబుండదు. ఆ జవాబును మెదడు దొరికిన ఆధారాలతో అప్పటికప్పుడు అల్లుకుంటుంది.

ఆ అల్లిక రెండు రకాలు. జరుగుతుండగా వేసే లెక్క ఒకటి. ఇక్కడ చక్రం తిప్పేది ధ్యాస. కాలం మీద ఎంత ధ్యాస పెడితే అది అంత సాగుతుంది. జరిగిపోయాక వెనక్కి తిరిగి వేసే లెక్క రెండోది. ఇక్కడ పెత్తనం జ్ఞాపకానిది. ఆ వ్యవధిలో ఒకదానికొకటి పోలికలేని సంగతులు ఎన్ని గుర్తుంటే అది అంత పొడవు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. రకరకాల అనుభవాలతో నిండిన కాలం గడిచేటప్పుడు పొట్టిగా, తలుచుకుంటే పొడుగ్గా ఉంటుందనీ, ఖాళీగా గడిచిన కాలం అందుకు సరిగ్గా తిరగబడుతుందనీ రాశాడు. కాజీపేటలో రైలు రెండు గంటలు లేటైతే ఆ రెండు గంటలూ ప్రాణాలు తోడేస్తాయి, నెల తిరక్కుండా మనసులోంచి తుడిచిపెట్టుకుపోతాయి. పెళ్లి వారం కథ దీనికి తిరగేసి. ఏదో ఒక లెక్కలో పోయింది ఇంకో లెక్కలో తిరిగి వస్తుంది. ఈ సర్దుబాటు చెడిపోవడమే ఇప్పటి కాలానికి పట్టిన అసలు జబ్బని నేననుకుంటున్నాను. అది ఎలా చెడిందో చెప్పేముందు, ఆ రెండు లెక్కలూ ఎంత మోసం చేయగలవో చూపించిన రెండు ప్రయోగాల గురించి చెప్పాలి.

1962 జులై 16న మిషెల్ సిఫ్రే అనే 23 ఏళ్ల ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త ఆల్ప్స్ పర్వతాల్లోని స్కారాసోన్ గుహలోకి దిగాడు. లోపల గడ్డకట్టిన మంచు, ఒక గుడారం, పైవాళ్లతో మాట్లాడటానికి ఒక టెలిఫోను. వాచీ లేదు, ఎండ పొడ లేదు. నిద్ర లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకోబోయే ముందు పైనున్న వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లు టైమ్ రాసుకుంటారు గానీ అతనికి మాత్రం చెప్పరు. ఫోన్ చేసినప్పుడు నాడి చూసుకుని, ఒకటి నుంచి 120 దాకా సెకనుకొకటి చొప్పున లెక్కపెట్టడం కూడా ప్రయోగంలో భాగమే. రెండు నిమిషాల్లో అయిపోవాల్సిన లెక్క. అతనికి ఐదు నిమిషాలు పట్టింది. తాను సరిగ్గానే లెక్కపెడుతున్నానని అతని నమ్మకం.

సెప్టెంబరు 14న ప్రయోగం అయిపోయింది, పైకి రమ్మని కబురు చేస్తే సిఫ్రే నమ్మలేదు. అతని డైరీ ప్రకారం అది ఇంకా ఆగస్టు 20. ఇరవై ఐదు రోజులు లెక్కలోంచి జారిపోయాయి. విచిత్రం ఏమిటంటే పైవాళ్లు రాసుకున్న పట్టీ చూస్తే అతని నిద్ర, మెలకువ సగటున 24 గంటల 30 నిమిషాల చక్రంలో చక్కగా తిరిగాయి. ఒళ్లు దారి తప్పలేదు, మనసే తప్పింది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియని చోట పూర్తి రోజంతా మేలుకుని గడిపినా, అది నాలుగు గంటలో ఏమో అనిపించింది. ఒకలాంటి రోజుల్ని జ్ఞాపకం విడివిడిగా దాచుకోదు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటిగా చూపిస్తుంది.

రెండో ప్రయోగం అమెరికాలో జరిగింది. బైకు మీద నుంచి పడ్డ ప్రతివాడూ "అంతా స్లో మోషన్‌లో కనపడింది" అంటాడు. ఆ క్షణంలో మెదడు నిజంగానే కాలాన్ని నెమ్మదిగా నడుపుతుందా? డేవిడ్ ఈగిల్‌మన్ అనే న్యూరో సైంటిస్టు, అతని సహచరులు దీన్ని తేల్చడానికి మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి, ఒంటికి తాడు లేకుండా, వెల్లకిలా, కింద పరిచిన వలలోకి వదిలేశారు. చేతికి వాచీలాంటి ఒక పరికరం కట్టారు. దాని తెర మీద ఒక అంకె, వెంటనే ఆ అంకె నలుపు తెలుపులు తారుమారైన రూపం, ఎంత వేగంగా మారుతుంటాయంటే మామూలు కంటికి ఏమీ తెలియదు. కాలం నిజంగా నెమ్మదిస్తే పడేటప్పుడు ఆ అంకె చదవగలగాలి. ఎవరికీ చదవడం కుదరలేదు. కానీ పడటానికి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీతో చూపమంటే, పక్కవాడు పడటానికి పట్టిందని తాము చూపిన సమయంకంటే, తాము పడటానికి పట్టింది సగటున 36 శాతం ఎక్కువ చూపించారు. 2007లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. భయంలో కాలం సాగలేదు, జ్ఞాపకం చిక్కబడింది. ఆ రెండున్నర సెకన్లలో ప్రతి ముక్కా మెదడు రాసి పెట్టుకుంది, తర్వాత చదువుకుంటే పెద్ద కథలా కనిపించింది.

గుహలో రోజులు ఎందుకు కరిగిపోయాయో, ఎత్తు నుంచి పడితే సెకన్లు ఎందుకు సాగాయో రెంటికీ కారణం ఒక్కటే. ఎన్ని గుర్తులు మిగిలాయన్నదే.

ఇక మనందరం కలిసి గుహలోకి దిగిన ఏడాదికి వద్దాం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, మరో రెండు రోజులకు లాక్‌డౌన్. ఆ ఏప్రిల్‌లో బ్రిటన్‌లో రూత్ ఓగ్డెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జనాన్ని కాలం ఎలా గడుస్తోందని అడిగితే, 80 శాతానికి పైగా ఏదో ఒక తేడా కనిపిస్తోందన్నారు. అందులో వేగంగా పోతోందన్నవాళ్లు, నత్తనడక నడుస్తోందన్నవాళ్లు ఇంచుమించు సరిసమానం. వయసు పైబడినవాళ్లకూ, ఒత్తిడిలో ఉన్నవాళ్లకూ, నలుగురితో మాటామంతీ లేక వెలితి పడ్డవాళ్లకూ నెమ్మదించింది. మన ఇళ్లలో కూడా ఇదే చీలిక కనిపించింది. దూరదర్శన్‌లో మళ్లీ రామాయణం వేసిన రోజులవి. మామిడికాయ పచ్చడి పెట్టే టైముకి కూడా చుట్టాలు రాని వేసవి అది. అప్పుడు పగలు తెమలనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే 2020, 2021 రెండూ కలిసి ఒక్క మసక ఏడాది. 2020 ఆగస్టులో ఏం జరిగిందో చెప్పమంటే చాలామందికి ఒక్క సంఘటన కూడా విడిగా రాదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ల సంగతి వేరు. 2021 మే నెలలో ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరిగిన ఒక రాత్రి వాళ్లకు గంట గంటకూ గుర్తుంటుంది. ఆ రాత్రి ఎప్పటికీ చిన్నది కాదు.

ఇప్పుడు ఫోను దగ్గరికి. రాత్రి భోజనం చేసి మంచం మీద వాలి పది నిమిషాలు చూద్దామని తీసిన ఫోన్లో ఏమేం వస్తాయో ఒక్కసారి వరసపెట్టి చూడండి. గోంగూర రొయ్యలు వండే ఆవిడ, లారీ గుద్దిన సీసీటీవీ దృశ్యం, ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో హీరో ప్రసంగం ముక్క, ధనుస్సు రాశి వారికి హెచ్చరిక, అసెంబ్లీలో తిట్టుకున్న ఇద్దరు, నీళ్లలో ఆడుతున్న కుక్కపిల్ల, ఇరవై ఏళ్లకే కోటి సంపాదించడం ఎలాగో చెప్పే కుర్రాడు. టైమ్ చూస్తే గంటన్నర. కాలం ఎగిరిపోయింది, అంటే ధ్యాస మొత్తం అటే ఉంది. పాత సూత్రం ప్రకారం ఇన్ని రకాలు చూసిన గంటన్నర తర్వాత తలుచుకుంటే పెద్దదిగా ఉండాలి. తెల్లారి లేచి ఆ వీడియోల్లో నాలుగు చెప్పమనండి. రావు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త హార్ట్‌ముట్ రోజా ఆధునిక జీవితపు వేగం గురించి రాస్తూ ఈ వింతను టీవీ విషయంలోనే గమనించాడు. గడిచేటప్పుడూ పొట్టి, తలుచుకునేటప్పుడూ పొట్టి. ఏ లెక్కలోనూ రాని కాలం. పెళ్లి వారంలో పోయింది జ్ఞాపకంలో దొరుకుతుంది, రైలు కోసం కాచుకున్నప్పుడు పోయిందేమీ లేదు. ఇక్కడ మాత్రం రెండువైపులా నష్టమే. టీవీకి కనీసం సీరియల్ అయిపోవడం, ప్రకటనలు రావడం ఉండేవి, లేచి స్టవ్ కట్టేయడానికి ఒక సందు దొరికేది. పేజీ చివరంటూ లేకుండా కిందికి జారుతూనే ఉండే తెరను 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు. తర్వాత తనే దాని గురించి నొచ్చుకున్నాడు. ఆ సందు అప్పుడు మూసుకుపోయింది.

అన్ని రకాలు చూసినా జ్ఞాపకం ఎందుకు కట్టదు? ఈ మధ్య దేనికైనా డోపమైన్ (ఇంకా కావాలనే ఉబలాటం రేపే మెదడు రసాయనం) అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకోవడం అలవాటైంది, నాకది అంతగా రుచించదు. ఇంకా మామూలు కారణం ఒకటుంది. జ్ఞాపకానికి పట్టుకోవడానికి పిడి కావాలి. ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏమైంది, తర్వాత ఏమైంది అన్నవే ఆ పిడులు. వంద వీడియోలు చూసినా చూసింది అదే మంచం మీద, అదే వైపు తిరిగి, అదే బొటనవేలితో. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు, వచ్చేది పోయేదాన్ని తుడిచేస్తుంది. లోపల వెయ్యి రంగులున్నా బయటి నుంచి చూస్తే అది సిఫ్రే గుహే.

ఇది విశ్రాంతి వేళకే పరిమితమైతే కొంత నయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఆఫీసు మనుషులు ఒక తెర మీద ఎంతసేపు నిలుస్తారో ఏళ్ల తరబడి కొలిచింది. 2004లో సగటు రెండున్నర నిమిషాలు. ఇటీవలి సంవత్సరాల్లో దాదాపు 47 సెకన్లు. ఎక్సెల్ షీటులోంచి టీమ్స్ మెసేజీకి, అందులోంచి మెయిలుకు, మెయిల్లోంచి మళ్లీ షీటుకు. సాయంత్రం "పొద్దుటి నుంచి తల ఎత్తలేదు, ఏం చేశానో మాత్రం తెలీదు" అనే మాట అందుకే వస్తుంది. ఒక్క పనీ ఒక సంఘటనగా మిగిలేంత సేపు నడవలేదు.

ఎదురుచూపు సంగతి దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. అమెరికాలో క్యూల మీద పనిచేసిన డేవిడ్ మేస్టర్ 1985లో కొన్ని సూత్రాలు రాశాడు. ఊరికే నిలబడ్డ సమయం, ఏదో ఒకటి చేస్తూ గడిపిన సమయంకంటే పెద్దది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, తెలిసిన దానికంటే పెద్దది. ఒంటరిగా నిలబడితే ఇంకా పెద్దది. తిరుమల వెళ్లినవాళ్లకు ఇవి విడమర్చి చెప్పక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు ఎప్పుడు తీస్తారో తెలియనంతసేపూ జనం చూపు ఆ తాళం మీదే ఉంటుంది. పాలు, ఉప్మా వచ్చినప్పుడు, ఎవరో గోవింద నామాలు ఎత్తుకుంటే అందరూ అందుకున్నప్పుడు గంట సులువుగా గడుస్తుంది. ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో దేవస్థానం రోజూ ప్రకటిస్తుంది, ఫలానా వేళకు రమ్మని టోకెన్లూ ఇస్తుంది. నిలబడేది అదే నిలబడటమైనా, గంటల లెక్క తెలిశాక కాళ్ల నొప్పి కూడా కొంత తగ్గినట్టుంటుంది.

తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నవాళ్లకు కాలం సాగడం అంటే ఏమిటో ఇంకా బాగా తెలుసు. ఏసీకి పది గంటలకు, స్లీపర్‌కు పదకొండుకు తెరుచుకుంటుంది. తొమ్మిది యాభై తొమ్మిది నుంచి పది దాకా ఉండే ఒక్క నిమిషం, పేర్లన్నీ ముందే కొట్టి పెట్టుకుని, వేలు బటన్ మీద ఉంచుకుని చూస్తే, అరగంటకు తక్కువుండదు. పది దాటాక తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు వస్తుందే, ఆ పది సెకన్లు ఇంకా పెద్దవి.

ఇప్పటి వింత ఏమిటంటే ఎదురుచూపులు నిజానికి తగ్గాయి, ఓపిక అంతకంటే ఎక్కువ తగ్గింది. కొత్తిమీర కట్ట పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తుందన్న యాప్ పన్నెండు నిమిషాలు చూపిస్తే, మ్యాపులో స్కూటర్ బొమ్మ ఏ సందులో ఆగిందో వేలితో పెద్దది చేసి మరీ చూస్తాం. వాట్సాప్ వాయిస్ మెసేజీని రెండింతల వేగంతో వింటున్నవాడికి, ఎదురుగా కూర్చుని మామూలు వేగంతో మాట్లాడే తాతయ్య నసలా వినిపిస్తాడు. కాలాన్ని కొలిచే కర్ర పొట్టిదైపోయింది గనుక దానితో కొలిచినవన్నీ పొడవుగా తేలుతున్నాయి. ఆ పొడవు భరించలేక మళ్లీ ఫోను తీస్తాం, ఆ ఎదురుచూపు కూడా ఏ లెక్కలోనూ రాని ఖాతాలో పడిపోతుంది. రాత్రి రైల్లో ఎదురు బెర్తుల వాళ్లు పులిహోర పంచుకుని కబుర్లాడిన రోజులు గొప్పవని ఇక్కడ అనాలని ఉంటుంది గానీ అననక్కర్లేదు. ఆ రోజుల్లోనూ విసుగొచ్చేది. విసుగులో కిటికీలోంచి చూసిన గోదావరి వంతెన మాత్రం గుర్తుండేది.

కాలం అందరికీ ఒకేలా తెగదని కూడా చెప్పుకోవాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనుల్లో పాలుపంచుకునే స్త్రీలకు రోజుకు సగటున 289 నిమిషాలు పడుతుంటే, పురుషులకు 88 నిమిషాలు. ఈ నిమిషాల మొత్తంకంటే అవి తెగిన తీరు ముఖ్యం. నాలుగో విజిల్‌కు కుక్కర్ దించాలి, పాలు పొంగకముందే చూడాలి, ట్యూషన్ ఆటో వచ్చే వేళకు గేటు దగ్గరుండాలి, నీళ్లు వదిలే టైముకు మోటార్ వేయాలి. మధ్యలో దొరికే పదేసి నిమిషాల ముక్కలన్నీ కలిపితే రెండు గంటల తీరిక తేలొచ్చు. ముక్కలుగా వచ్చిన రెండు గంటలు ఒక చెవి వంటింటి వైపు పడేసి గడిచినవి. అవి తీరికగా అనిపించవు, తర్వాత గుర్తూ ఉండవు. ఇంట్లో ఒకరికి సాయంత్రం నిండుగా దొరికితే, ఇంకొకరికి అదే సాయంత్రం పిండి రాలినట్టు రాలుతుంది.

పైగా చాలా తెలుగు ఇళ్లలో ఇప్పుడు గోడ మీద ఒకటి, తలలో ఒకటి రెండు గడియారాలు తిరుగుతున్నాయి. మన గోడ గడియారం కూడా ఒక ఒప్పందమే అనుకోండి. 1906 జనవరి 1న మొదలైన భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. అది మన దగ్గర కాకినాడ, తుని ప్రాంతంలో వెళుతుంది. హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి రావడానికి ఆ రేఖ మీదకంటే సుమారు 16 నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ తేడా ఎవరికీ పట్టదు. పట్టేది గచ్చిబౌలిలో న్యూయార్కు వేళల్లో పనిచేసే పిల్లలకు. తెల్లారి నాలుగింటికి క్యాబ్ దిగి, కర్టెన్లు వేసుకుని పడుకుని, వారాంతంలో మాత్రం ఇంట్లో వాళ్ల వేళలకు మారాలి. బియ్యపు గింజంత ఆ గడియారం ఎండ చూసి దిద్దుకునేది, దానికి ఆఫీసు షెడ్యూల్ తెలియదు. వారానికోసారి సముద్రాలు దాటి వచ్చినంత బడలిక అందుకే. ఇలా ఒంటి వేళకూ ఉద్యోగపు వేళకూ పడే తేడాను జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోన్నెబెర్గ్ లోతుగా పరిశీలించాడు. షిఫ్టు లేనివాళ్లలో కూడా సోమవారం పొద్దున అది కనబడుతుందని చూపించాడు.

వయసుతో కాలం పరుగెత్తుతుందన్న మాట మిగిలింది. దీనికి 1877లో పోల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త చెప్పిన లెక్క ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. పదేళ్ల పిల్లాడికి ఏడాదంటే జీవితంలో పదో వంతు, యాభై ఏళ్లవాడికి యాభయ్యో వంతు, అందుకే చిన్నదిగా తోస్తుందని. వినడానికి ముచ్చటగా ఉంది. కానీ 2005లో మార్క్ విట్‌మాన్, సాండ్రా లేన్‌హాఫ్ జర్మనీ, ఆస్ట్రియాల్లో 14 నుంచి 94 ఏళ్ల వయసున్న 499 మందిని అడిగితే, గత వారం, గత నెల, గత ఏడాది ఎంత వేగంగా గడిచాయన్న దాంట్లో వయసును బట్టి పెద్ద తేడా రాలేదు. అన్ని వయసులవాళ్లూ వేగంగానే అన్నారు. తేడా కాస్త స్పష్టంగా కనిపించింది గత పదేళ్ల గురించి అడిగినప్పుడు. జానే లెక్కే నిజమైతే వారానికీ నెలకీ కూడా అది వర్తించాలి. తర్వాతి పరిశోధనల్లో విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ జాన్సెన్ ఇంకో మాట తేల్చారు. చేయాల్సిన పనులకు టైమ్ చాలడం లేదనే ఒత్తిడి ఎవరికెక్కువో వాళ్లకే కాలం పరుగెత్తుతుంది. బిజీ అన్న జవాబులో నేను సగం నిజం ఉందన్నది ఇదే.

పదేళ్ల లెక్క మళ్లీ గుర్తుల సంగతికే వస్తుంది. మనిషి జీవితంలో ఎక్కువగా గుర్తుండే భాగం పదిహేను నుంచి పాతికేళ్ల మధ్యది. మొదటి హాస్టల్, మొదటి జీతం, మొదటిసారి ఒంటరిగా చూసిన నగరం, పెళ్లి అన్నీ దాదాపు అక్కడే. నలభై దాటాక ఈఎంఐ తేదీలు తప్ప కొత్తగా వచ్చేవి తక్కువ. కృష్ణా జిల్లాలో పెద్దవాళ్లు "ఉప్పెన వచ్చిన ఏడు మావాడు పుట్టాడు" అంటే 1977 నవంబరు అని లెక్క తెలిసిపోయేది. ఆ ఒక్క కొయ్యకు ఎన్నో ఏళ్ల సంగతులు కట్టి ఉండేవి. ఇప్పుడు సంఘటనలకు కరువు లేదు, రోజుకో ఉప్పెన తెర మీద వచ్చి పోతుంది. దానికి మన ఊరు లేదు, మన ఇల్లు లేదు, పక్కన ఎవరూ లేరు. అందుకే దేనికీ ఏమీ కట్టలేం.

కాలాన్ని పొడిగించుకోవాలంటే కొత్త దారిలో నడవండి, కొత్త భాష నేర్చుకోండి, ప్రయాణాలు చేయండి అనే సలహాలు ఈ పరిశోధనల్లోంచి వచ్చినవే. తప్పేమీ లేదు. ఇరవై నాలుగు గంటలూ తెర ముందుండే నలభై ఏళ్లవాడికి అవి పనికొస్తాయి, ప్రయాణాన్ని కూడా స్టేటస్‌లకే ఖర్చు పెట్టేయకపోతే. కానీ ఆ సలహా అందరికీ కాదు. తెనాలిలో ఒంటరిగా ఉంటున్న డెబ్భై అయిదేళ్ల ఆవిడ బాధ వేరు. ఆవిడకు పగలు తెమలదు. ఓగ్డెన్ సర్వేలో కాలం నెమ్మదించిందన్నవాళ్లు అచ్చంగా ఆవిడలాంటి వాళ్లే. ఫోన్లో ప్రవచనాలూ వంటలూ ఆవిడకు పగటిని పొట్టి చేసి పెడుతున్నాయి. ఏడాది చివర ఏమీ మిగలకపోవచ్చు, ఆ బేరం ఆవిడకు గిట్టుబాటే. ఆ ఫోను లాక్కుని కొత్త అనుభవాలు వెతుక్కోమనడం నా వల్ల కాదు.

ఆవిడకు రెండు లెక్కల్లోనూ లాభం వచ్చేది ఆదివారం పొద్దున డాలస్ నుంచి మనవరాలు చేసే వీడియో కాల్ ఒక్కటే. అరగంట చిటికెలో అయిపోతుంది, వారమంతా చెప్పుకోవడానికి సరిపోతుంది. అక్కడ వేసవిలో శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ ఆదివారం ఏడు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు గనుక ఆ తర్వాతి వారం నుంచి అదే కాల్ ఎనిమిదింటికి వస్తుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఆ సంగతి మనవరాలు ముందు వారమే చెప్పి ఉంచితే మంచిది. మేస్టర్ రాసినట్టు, తెలియకుండా ఎదురుచూసిన గంట తెలిసి ఎదురుచూసిన గంటకంటే చాలా పెద్దది.